అనలాగ్ అంత తేలికా? చేసి చూపించండి మరి!

"అనలాగా? అదింకా ఎవరు చదువుతున్నారండీ! ఇప్పుడంతా డిజిటలే కదా." మా సాఫ్ట్‌వేర్ జనం నోట ఈ ముక్క విన్నప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. నేనూ కోడు రాసుకు బతికేవాణ్ణే. అయినా మనకింత గీర పనికిరాదు బాబూ. మీ ఫోన్లో మైకులోంచి వచ్చిన గొంతుని అంకెలుగా మార్చేది ఎవరనుకున్నారు? ఆ అనలాగే.

ఈసీఈ వాళ్ళంతా ల్యాబులో 741 ఐసీని బ్రెడ్‌బోర్డు మీద గుచ్చే ఉంటారు. రెండు రెసిస్టర్లు పెట్టాం, గెయిన్ వచ్చింది, రికార్డు రాశాం, మార్కులు పడ్డాయి. అయిపోయింది! దానికి ముందు 1965లో బాబ్ విడ్లర్ చేసిన 709కి బయట సరైన కెపాసిటర్లు పెట్టకపోతే ఆసిలేట్ అయి కూచునేది. 1968లో ఫెయిర్‌చైల్డ్‌లో డేవ్ ఫుల్లగార్ 30 పికోఫారడ్ల కెపాసిటర్ని చిప్పులోనే ఇరికించి 741 చేశాడు. మనం గుచ్చగానే పనిచేసిందంటే అది మన గొప్పా?

ఇంకోటి చూడండి. ఎండైనా చలైనా మారని వోల్టేజి కావాలి. ట్రాన్సిస్టర్ బేస్-ఎమిటర్ వోల్టేజి డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. వేర్వేరు కరెంటు సాంద్రతల్లో నడిచే రెండు ట్రాన్సిస్టర్ల వోల్టేజీల తేడా మాత్రం వేడితో పెరుగుతుంది. రెండూ తగుపాళ్ళలో కలిపితే సుమారు 1.2 వోల్టులు నిలకడగా వస్తాయి. దీన్నే బ్యాండ్‌గ్యాప్ రిఫరెన్స్ అంటారు. పుస్తకంలో రెండు పేజీలు, అంతే. కానీ మామూలుగా కట్టే ఈ సర్క్యూట్‌కి ఇంకో స్థిరమైన స్థితి కూడా ఉంది: కరెంటు సున్నా! స్విచ్చేస్తే హాయిగా అక్కడే పడుకోవచ్చు. తట్టిలేపడానికి వేరే స్టార్టప్ సర్క్యూట్ పెట్టాలి, లేపాక అది అడ్డు తప్పుకోవాలి. సిమ్యులేషన్లో బుద్ధిగా లేచిన మహానుభావుడు అసలు సిలికాన్లో, అదీ మంచి చలిలో, మొండికేయొచ్చు. మనమైతే రాత్రి ప్యాచ్ వేసి పొద్దున్నే దోసె తింటాం. వాళ్ళకి చిప్పు మళ్ళీ చేతికి రావాలంటే నెలలు, మాస్కులకి మళ్ళీ డబ్బులు.

2021 డిసెంబరులో కేంద్రం 76,000 కోట్ల సెమీకండక్టర్ పథకం ప్రకటించింది. మంచిదే. కానీ దాని పేరు చెప్పి ఆర్నెల్లలో చిప్ డిజైనర్ని చేసేస్తామనేవాళ్ళని చూస్తేనే భయం. టూల్లో ఏ బటన్ ఎక్కడుందో నేర్పితే డిజైనర్ అవడు. సర్క్యూట్ ఎందుకు ఆగిపోయిందో కాగితం మీద లెక్కేసి, ఆసిలోస్కోపు ముందు రాత్రిళ్ళు కూచుని, ఏళ్ళకేళ్ళు తిట్లు తిని నేర్చుకునే పని అది. ఫీజు కట్టేది అప్పు తెచ్చిన తండ్రి. కోర్సయ్యాక ఆ కుర్రాడు తిరిగొచ్చేది మళ్ళీ మన టెస్టింగ్ టీములోకే.

ముందు వాడి చేతికో సోల్డరింగ్ ఐరన్, గుప్పెడు ట్రాన్సిస్టర్లు ఇవ్వండి. నాలుగు కాల్చనివ్వండి. ఫీజు సంగతి తరవాత మాట్లాడదాం.