ఎదురు కుర్చీ

ఆఫీసులో నా ఎదురు కుర్చీ ఆయనది. పదహారేళ్ళుగా ఇద్దరి మధ్యా ఒకటే బల్ల, ఇద్దరి నెత్తినా ఒకటే ఫాను. ఆయన మాకు చుట్టమూ కాదు, నాకు చిన్ననాటి స్నేహితుడూ కాదు. వారింటికి నేను వెళ్ళింది రెండేసార్లు, రెండూ పెళ్ళిళ్ళకే. అయినా ఆయన గొంతు సవరించుకున్నారంటే కూడికలో ఎక్కడో తప్పు దొర్లిందని నాకు ఇట్టే తెలిసిపోతుంది. రాత నాది, లెక్క ఆయనది. ఈ సంబంధానికి పేరేమిటని ఎవరైనా అడిగితే నాకు జవాబు తోచదు.

ఆమధ్య ఆడిటు వారి అభ్యంతరాలకు సమాధానం రాయవలసి వచ్చింది. పది రోజులు ఇద్దరం కూచున్నాం. పాత రిజిస్టర్ల దుమ్ముకు ఆయనకు దగ్గు కూడా పట్టుకుంది. చివరికి ఆఫీసరుగారు ఆ కాగితాలు పట్టుకుని మా బల్ల దగ్గరికే వచ్చి, "భేష్! ఎవరు తయారు చేశారయ్యా ఇది?" అన్నారు.

"నేనేనండీ" అన్నాను.

"మేమేనండీ" అనడానికీ అంతే సేపు పడుతుంది. కాని నోట వచ్చింది అది. ఆయన తలెత్తలేదు. సాయంత్రం యథాప్రకారం "కాఫీకి వెళ్దామా?" అన్నారు. డబ్బులు కూడా ఆయనే ఇచ్చారు. ఆ కాఫీ నాకు గొంతు దిగలేదంటే నమ్మండి.

ఆ రాత్రి తిరుపతి వేంకట కవులు గుర్తుకొచ్చారు. తిరుపతి శాస్త్రిగారు ముందుగా వెళ్ళిపోయారు. చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రిగారు ఆ తరవాత సుమారు ముప్పై ఏళ్ళు, 1950 దాకా ఉన్నారు. ఒంటరిగా రాసినవి కూడా జంట పేరుతోనే అచ్చు వేయించారు. లేని మనిషికే అంత వాటా ఇచ్చారాయన! ఎదుట కూచున్న మనిషికి నేను ఒక్క మాట ఇవ్వలేకపోయాను.

మర్నాడు పొద్దున్నే ఆఫీసరుగారి గదికి వెళ్ళి ఉన్నమాట చెప్పేశాను. ఆయన "అలాగా" అని మరో ఫైలు అందుకున్నారు. మెచ్చుకోలు కూడా తెల్లవారేసరికి చద్దిదైపోతుంది కాబోలు.

తిరిగొచ్చి కూచున్నాను. ఎదురు కుర్చీలో గొంతు సవరించుకున్న చప్పుడైంది.

"కాగితాలు ఇంకా పంపలేదుగా? ఏడో పేజీలో మొత్తం తప్పు పడిందండీ. మీరు చదవండి, నేను కూడతాను."

కుర్చీ ముందుకు లాక్కున్నాను. ఈ సంబంధం పేరు నాకిప్పటికీ తెలియదు. రెండు తప్పులూ ఆయనకు తెలుసు. దిద్దమన్నది మాత్రం ఒక్కదాన్నే.