బడిలో పెద్దమనుషులు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల పిల్లలకు పంచాయితీ యన నేమో బడి నేర్పనక్కరలేదు. రచ్చబండ తగవును గూర్చి ఇంట వినియే యుందురు. అయితే వారెరిగిన పెద్దమనిషి తీర్పు చెప్పువాడు. ఆ తీర్పు వెనుక బలగముండును. బలగము లేనివాడు తలయూపి వచ్చును గాని, మనసులో లెక్క మిగులును. కడప సీమలో ముఠాకక్షలు తరతరములు సాగుటకు ఆ మిగిలిన లెక్కయు నొక కారణమే. కక్షలు మునుపటివలె లేవు. అయినను "కొట్టించుకొని ఇంటికి రావద్దు" అని కొడుకును బడికి పంపు తండ్రు లింకను కలరు.

పిల్లల తగవులను తోడిపిల్లలచేతనే సర్దించు పద్ధతి 1980లలో శాన్‌ఫ్రాన్సిస్కో పాఠశాలలలో రూపుదిద్దుకొన్నది. అందు మధ్యవర్తికి తీర్పు చెప్పు నధికారము లేదు. మన పార్లమెంటు 2023లో చేసిన మధ్యవర్తిత్వ చట్టమును ఇదియే చెప్పుచున్నది: మధ్యవర్తి పరిష్కారమును ఎవరిపైనను రుద్దరాదు.

మధ్యాహ్న భోజనపు వరుసలో నొకడు తోయును. ఇంకొకని పళ్లెము నేలపాలగును. పూర్వమైన బెత్తముతో ముగిసెడిది. 2009 నాటి విద్యాహక్కు చట్టము శారీరక దండనను నిషేధించినది. బెత్తము పోయిన చోట నేమి యుంచవలెనో చెప్పినవారు తక్కువ. ఈ పద్ధతిలో ఇద్దరు పిల్లలు వారిని కూర్చుండబెట్టి, ఒకడు పలుకునపుడు రెండవవానిని ఆగమందురు. పిమ్మట "వాడేమన్నాడో నువ్వు చెప్పు" అని యడుగుదురు. ఘట్టమంతయు ఇచ్చటనే యున్నది. "వాడే ముందు తోసినాడు" అని రుసరుసలాడుచు వచ్చిన బాలుడు ఎదుటివాని ఆకలిని తన నోటితో చెప్పవలసి వచ్చును. ఆ తరువాత ఏమి చేయవలెనో వారిరువురే తేల్చుకొందురు.

అన్ని తగవులు పిల్లలకు విడువదగినవి కావు. గాయమైనను, కులము పేర దూషించినను, పెద్దవాడు చిన్నవానిని నిత్యము పీడించినను అది ఉపాధ్యాయుని పని. మధ్యవర్తులుగా తరగతిలో మొదటివానినో, ఊరిపెద్ద కొడుకునో నియమించిరా, మరల పాత రచ్చబండయే! నెలనెలకు వంతు మారవలెను. ఆ వంతు ఆడపిల్లలకును, కలహప్రియులని పేరుపడిన వారికిని కూడ రావలెను.

ఉపాధ్యాయుడు కనుచూపు మేరలో నుండిన చాలును. "తప్పెవరిది సార్?" అని పిల్లలు పరుగున వచ్చి యడిగినపుడు వెంటనే చెప్పివేయకుండుటయే ఆయనకు కష్టము.