కొరడా ఎవరి చేతిలో, కెమెరా ఎవరి చేతిలో?

ఈ సంచికకు నేను ఎంచుకున్న విషయం వినగానే నా స్నేహితురాళ్ళు చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వారు. “ఇంకేం దొరకలేదానే? వరకట్నం మీద రాయి, కరువు మీద రాయి” అన్నారు. ఆ రెంటి మీదా ప్రతి యేటా వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. కట్నమూ తగ్గలేదు, వానా పెరగలేదు. కాబట్టి ఈసారి నన్ను నా దారిన పోనివ్వమని పాఠకులను, మరీ ముఖ్యంగా అధ్యాపకులను వేడుకుంటున్నాను.

విషయం ఫ్యాషన్ ఫోటోలు. అందులోనూ ఒక రకం ఫోటోలు. నల్లని తోలు దుస్తులు, ఎత్తు మడమల జోళ్ళు, చేతిలో కొరడా, కళ్ళలో కోపం, కాళ్ళ దగ్గర మోకరిల్లిన మగవాడు. శృంగారంలో కట్టడం, కొట్టడం, ఆజ్ఞాపించడం, లొంగడం అనే ఆటలకు ఇంగ్లీషులో కింక్ అని పేరు. ఆ ఆటల వేషభాషలు పడకగది దాటి పత్రికల నిగనిగలాడే కాగితం మీదికి వచ్చి యాభై ఏళ్ళయింది. ఇప్పుడు ప్రతి చేతిలోని ఫోనులోకీ వచ్చాయి. వీటిని చూసి ఒకాయన “సంస్కృతి మంట గలిసింది” అంటాడు. ఇంకొకాయన “స్త్రీ గెలిచింది” అంటాడు. ఇద్దరూ బొమ్మను చూస్తున్నారే గాని, బొమ్మ తీయించిన చేతిని చూడటం లేదని నా అభిప్రాయం.

మాది బి.జెడ్.సి. గ్రూపు. ల్యాబులో పరీక్షనాళిక ఎర్రబడగానే ఆమ్లమో క్షారమో రాసెయ్యలేం. మిథైల్ ఆరెంజ్ వేస్తే ఎరుపు ఆమ్లానికి గుర్తు, ఫినాఫ్తలీన్ వేస్తే గులాబి రంగు క్షారానికి గుర్తు. వేసిన సూచిక ఏదో తెలియకపోతే రంగుకు అర్థమే లేదు. ఫోటోలో కొరడా కూడా అంతే. అది అధికారానికి గుర్తా, అలంకారానికి గుర్తా అన్నది వెనక ఏం జరిగిందో తెలిస్తే గాని తేలదు.

ఈ బొమ్మల వంశవృక్షం చూద్దాం. 1869లో జాహెర్ మజోక్ అనే ఆస్ట్రియా రచయిత ఫాన్నీ పిస్టర్ అనే స్త్రీతో ఒక ఒప్పందం రాసుకున్నాడు. ఆరు నెలలు ఆమెకు బానిసగా ఉంటానన్నాడు. ఆమె వీలైనంత తరచుగా బొచ్చుకోటు వేసుకోవాలన్నది అందులో ఒక షరతు. బొచ్చుకోటుతో, కొరడాతో ఆమె, ఆమె పాదాల దగ్గర ఆయన ఉన్న ఫోటో ఈనాటికీ ఉంది. మసోకిజం అన్న మాట ఆయన పేరు మీద పుట్టిందే. ఫ్యాషన్ ఫోటోకు కావలసినవన్నీ ఆ పాత ఫోటోలో ఉన్నాయి: దుస్తులు, భంగిమ, కొరడా. అయితే యజమానురాలు ఏం కట్టుకోవాలో ముందే కోరుకున్నది బానిస! కొరడా ఆమె చేతిలో, కోరిక అతని నోట్లో. పాలేరు వచ్చి దొరసానికి చీర ఎంపిక చేసినట్టుంది కదా!

వందేళ్ళ తర్వాత ఈ ముచ్చట ఫ్యాషన్ లోకానికి ఎక్కింది. అందులో పెద్ద పేరు హెల్మట్ న్యూటన్‌ది. 1920లో బెర్లిన్‌లో యూదు కుటుంబంలో పుట్టి, 1938లో నాజీల బారి నుండి తప్పించుకుని దేశం విడిచినవాడు. 1975లో ఫ్రెంచి వోగ్ పత్రిక కోసం ఆయన తీసిన ఫోటో ఒకటి చాలా ప్రసిద్ధం. సెయింట్ లారెంట్ తయారుచేసిన మగవాళ్ళ తరహా సూటు తొడుక్కుని, సిగరెట్టు పట్టుకుని, రాత్రివేళ పారిస్ వీధిలో ఒంటరిగా నిలబడిన స్త్రీ ఆమె. భయం లేదు, బెదురు లేదు. మరుసటి యేడు, 1976లో, అదే మనిషి ఇంకో ఫోటో తీశాడు. అందులో స్త్రీ పరుపు మీద చేతులూ మోకాళ్ళూ ఆనించి ఉంటుంది. వీపు మీద గుర్రపు జీను. ఒక దాంట్లో ఆమె దొర, ఇంకో దాంట్లో ఆమె గుర్రం. రెండు వేషాలూ వేయించిన చెయ్యి ఒక్కటే.

1979లో ఫ్రెంచి టెలివిజన్ కార్యక్రమంలో అమెరికన్ రచయిత్రి సూసన్ సోంటాగ్ ఆయన ఎదుటే కూర్చుని, మీ బొమ్మల్లో స్త్రీద్వేషం ఉందని అన్నది. నాకు స్త్రీలంటే ప్రేమ అని ఆయన జవాబు. స్త్రీద్వేషులు చాలామంది చెప్పే మాట అదేనని ఆమె ఎదురు జవాబు. అయితే ఆయన కెమెరా ముందు నిలబడిన స్త్రీలు కొందరు ఆ ఫోటోల్లో తాము బలంగా కనిపించామనీ చెప్పారు. వాళ్ళ మాటను కొట్టిపారేసే హక్కు నాకు లేదు. ఇక జర్మనీలోనే 1954లో పుట్టిన ఎలెన్ ఫాన్ ఉన్‌వెర్త్ దాదాపు పదేళ్ళు మోడల్‌గా పనిచేసి, తర్వాత తానే కెమెరా పట్టుకుంది. 2003లో వచ్చిన ‘రివెంజ్’ అనే ఆమె ఫోటోల పుస్తకంలో కట్లూ కొరడాలూ అన్నీ ఉన్నాయి. భంగిమ చెప్పించుకున్న మనిషే భంగిమ చెప్పే స్థానానికి వచ్చింది. ఇది చిన్న మార్పు కాదు. కాని పత్రిక ఎవరిది, దుస్తులమ్మే కంపెనీ ఎవరిది అన్న ప్రశ్నలు అప్పటికీ మిగిలే ఉంటాయి.

“ఇదంతా పడమటి రోగం, మనకెందుకమ్మా?” అనేవారికి నాదొక మనవి. మన గద్వాల జిల్లా పేరులో ఉన్న జోగులాంబ శవాసనంపై కూర్చున్న తల్లి. పదహారో శతాబ్దంలో నంది తిమ్మన రాసిన పారిజాతాపహరణంలో కృష్ణుడంతటివాడు సత్యభామ కాళ్ళకు మొక్కితే, ఆమె ఎడమ కాలితో అతని తల తన్నింది. అతను కోపగించకపోగా, ఆమె పాదం నొచ్చిందేమోనని నొచ్చుకున్నాడు. తెలుగు మాస్టార్లు దీన్ని రసవత్తరంగా చెబుతారు. ఏ తరగతిలోనూ సంస్కృతి మంట గలవలేదు. కూచిపూడి భామాకలాపంలో ఆ సత్యభామకు పేరు తెచ్చిన కళాకారుల్లో అగ్రగణ్యుడు వేదాంతం సత్యనారాయణ శర్మగారు. అంటే చాలాకాలం మన రంగస్థలం మీద సత్యభామ అలకా గర్వమూ అన్నీ మగవాళ్ళు పట్టినవే. 1966లో ‘శ్రీకృష్ణ తులాభారం’ సినిమాలో జమున ఆ పాత్ర వేసింది. తన్నిన మాట నిజమే. చివరికి తులసిదళం దగ్గర ఆ గర్వం అణగవలసిందే. 1989లో వచ్చిన ‘అత్తకు యముడు అమ్మాయికి మొగుడు’ పేరులోనే కథంతా ఉంది. విశ్రాంతి దాకా ఆడదాని పొగరు చూసి హాలంతా ఈలలు, విశ్రాంతి తర్వాత అది అణిగినందుకు మళ్ళీ ఈలలు. ఆమెకు అధికారం ఇచ్చింది తిరిగి లాక్కోవడంలో ఉన్న సంబరం కోసమే.

ఇక పారిస్ నుండి మన కృష్ణ ఒడ్డుకు వద్దాం. పెళ్ళికి ముందు ఫోటోలు తీయించుకోవడం ఇప్పుడు మన పల్లెల్లో కూడా లగ్గపత్రిక అంత తప్పనిసరి అయింది. సోమశిల రేవు, జూరాల ప్రాజెక్టు, గద్వాల కోట, ఎక్కడ చూసినా జంటలే. మా అక్కకూ బావకూ తీయించారు. ఫోటోలాయన దగ్గర భంగిమలన్నీ ఫోనులో సిద్ధంగా ఉన్నాయి. “అన్నా, మోకాలు మీద కూసో. అక్కా, టై పట్టి గుంజు. నవ్వొద్దు, కోపంగ సూడు.” మా బండిలో చెర్నాకోల కనబడితే అదీ తెచ్చి అక్క చేతిలో పెట్టాడు. మా నాయన పక్కనే ఉండి, “ఎద్దును అదిలించేదాన్ని అల్లుని మీదికి ఎత్తిస్తివా సారూ” అని నవ్వాడు. ఫోటో మాత్రం అద్భుతంగా వచ్చింది. అక్కకూ నచ్చింది. అందులో నాకే తప్పూ కనబడలేదు.

పెళ్ళయిన మూడు నెలలకు అక్కకు ఎమ్మెస్సీ సీటు వచ్చింది. చేరాలా వద్దా అని పెద్దమనుషులు కూర్చున్నారు. బావను అడిగారు, మామను అడిగారు, మా నాయనను అడిగారు, ఊరినుంచి వచ్చిన చిన్నాయనను కూడా అడిగారు. చాయలు పోసింది అక్క. ఆమెను ఎవరూ అడగలేదు. చేరే తేదీ దాటిపోయింది. ఆ గది గోడ మీదే, బంగారు రంగు చట్రంలో, చెర్నాకోల ఎత్తిన అక్క, మోకరిల్లిన బావ. బావ చెడ్డవాడు కాదు, మాట మెత్తన. ఫోటోలో వంగినవాడు గదిలో నోరు విప్పలేదు, అంతే.

మా ఇంటి సంగతీ చెప్పాలి. మాకు సీడ్ పత్తి ఉంది. సాయంత్రం మొగ్గల్లో కేసరాలు తీసెయ్యడం, తెల్లవారి పుప్పొడి అద్దడం, ఈ క్రాసింగ్ పని చేసేది ఎక్కువగా అమ్మా, కూలికి వచ్చే ఆడవాళ్ళూ. పట్టాదారు పాసుపుస్తకం మీద ఫోటో మాత్రం నాయనది. మా ఇంట్లో అధికారం ఉన్న ఫోటో అదొక్కటే. దానికి ఏ భంగిమా అక్కరలేదు, ఏ కొరడా అక్కరలేదు.

ఇక్కడే నేను అసలు చెప్పదలచిన మాట. ఆ కింక్ అనే ఆటను నిజంగా ఆడుకునేవాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. ఏది సమ్మతం, ఏది కాదు అని ముందే మాట్లాడుకోవాలి. ఒక మాట అనుకుంటారు. ఇద్దరిలో ఎవరు ఆ మాట అన్నా ఆట అక్కడితో ఆగిపోవాలి. ఆ కట్టుబాటు తప్పితే అది ఆట కాదు, హింస. ఇష్టపడిన పెద్దవాళ్ళ మధ్య, బాధా హానీ లేనప్పుడు, ఇలాంటి అభిరుచి దానంతట అదే జబ్బు కాదని 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన నిర్ధారణ గ్రంథంలో తేడా చూపించింది. ఆలోచించండి. మనం వికృతం అని మొహం తిప్పుకునే ఆటలో మొదటి నియమం ఎదుటి మనిషిని అడగడం. మనం పవిత్రం అని పన్నీరు చల్లే సంబంధంలో మా అక్కను అడిగినవాళ్ళు లేరు. ఫ్యాషన్ ఫోటో ఆ ఆటనుండి తోలునూ కొరడానూ తెచ్చుకుంది గాని, అడగడాన్ని తెచ్చుకోలేదు. అడగడం ఫోటోకు దొరకదు మరి.

అట్లాగని ఈ ఫోటోలను నిషేధించమని నేను అనను. నిషేధం దెబ్బ ముందు ఎవరి మీద పడుతుందో మాకు బాగా తెలుసు. నాకు తెలిసిన ఒక కాలేజీ వార్షికోత్సవంలో ఫ్యాషన్ షో పెట్టబోతే పెద్దలకు అభ్యంతరం వచ్చింది. ఆడపిల్లల అంకం తీసేశారు. మగపిల్లలు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని వేదిక మీద దర్జాగా నడిచారు. సంస్కృతి క్షేమంగా ఉంది!

అభిమన్యుడి చక్రవ్యూహమంత కష్టమేమీ కాదు దీనికి మార్గం. ఇలాంటి బొమ్మ కనబడినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఈ భంగిమ ఎవరు నిర్ణయించారు? చాలు అని అనే వీలు ఆమెకు ఉందా? దీపాలు ఆర్పి కెమెరా సర్దేసిన తర్వాత ఆమె మాట ఎంతవరకు చెల్లుతుంది? మూడింటికీ మంచి జవాబు దొరికితే కొరడా పట్టినా, కొంగు కప్పినా ఆ బొమ్మ ఆమెదే. దొరకకపోతే, తల వంచుకుని గద్వాల చీర చూపించే షాపు హోర్డింగుకూ కొరడా బొమ్మకూ పెద్ద తేడా లేదు. రెండూ సరుకు అమ్మే బొమ్మలే.

గద్వాల సంస్థానపు చివరి పాలకురాలు మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ. కోటలో ఆమె పేరు మీద డిగ్రీ కళాశాల ఉంది. ఆమె అధికారం ఆమె నిలబడిన తీరులో కాదు, ఆమె సంతకంలో ఉండేది. ఆమె సంస్థానపు నేలమీద చదువుకునే మనం ఆ మాత్రం తేడా గుర్తించలేమా?

మరో రెండేళ్ళకు నా పెళ్ళి మాటా వస్తుంది. నన్నూ ఏ రేవులోనో నిలబెట్టి, చేతికి ఏదో ఒకటి ఇచ్చి కోపంగా చూడమంటారు. చూస్తాను, నాకేం అభ్యంతరం లేదు. కాని దానికి ముందు నా చదువు సంగతి, నా ఉద్యోగం సంగతి, మా అమ్మ పేరు పాసుపుస్తకంలో ఎక్కే సంగతి నన్ను కూర్చోబెట్టి అడగాలి. ఇప్పుడే చెబుతున్నాను, ఈ సంచిక మా నాయనకూ ఒక ప్రతి ఇస్తాను.