బటన్ ముట్టుకోకుండానే నొక్కినట్టు చూపిస్తుంటే

పిల్లల ప్రాజెక్టుల సీజన్ కదా, మా గ్రూపులో ఒకటే ఫిర్యాదు రకరకాలుగా వస్తోంది. "ఆర్డుయినోకి బటన్ పెట్టాం, ముట్టుకోకుండానే నొక్కినట్టు చూపిస్తోంది." "చెయ్యి దగ్గర పెడితే రీడింగ్ మారిపోతోంది." మన కుందలహళ్ళిలో ఏ తలుపు తట్టినా సాఫ్ట్‌వేర్ వాళ్ళే కాబట్టి అందరూ ముందు ల్యాప్‌టాప్ తెరుస్తున్నారు. కోడ్‌లో డిలే పెంచుతారు, పది రీడింగులకి సగటు తీస్తారు. కాస్త కుదుటపడ్డట్టు కనిపిస్తుంది. ఇది రిపేరు కాదు, తప్పుని దుప్పటి కింద దాచడం అంటాం మేము.

బోర్డు తప్పేం లేదండీ. ఊనో బోర్డు మీది ఏటీమెగా328పీ చిప్ 5 వోల్టుల సప్లై మీద 1.5 వోల్టుల లోపు ఉంటే సున్నా అనీ, 3 దాటితే ఒకటి అనీ ఖాయంగా చదువుతుంది. బటన్ నొక్కనప్పుడు పిన్ను దేనికీ తగిలి ఉండదు. తగలకపోతే సున్నాయే కదా అనుకుంటాం, కాదు. గోడలోని కరెంటు తీగల 50 హెర్ట్జ్ రొద, మన చెయ్యి, పక్క వైరు, ఏది దగ్గరుంటే దానికి ఊగుతుంది. బటన్‌ని పిన్నుకీ గ్రౌండ్‌కీ మధ్య పెట్టి, పిన్ను నుంచి 5 వోల్టులకి ఒక 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ వెయ్యండి, ఊగడం ఆగిపోతుంది. చిప్ లోపల కూడా 20 నుంచి 50 కిలోఓమ్‌ల పుల్అప్ ఉంది, కోడ్‌లో ఆన్ చేసుకోవచ్చు. అప్పుడు నొక్కితే సున్నా, వదిలితే ఒకటి. ఉల్టా వచ్చిందని కంగారు పడకండి. ఈఎస్‌పీ32 వాడేవాళ్ళు మాత్రం 34 నుంచి 39 పిన్నులకి ఈ లోపలి పుల్అప్ లేదని గుర్తుంచుకోండి.

అప్పటికీ రాకపోతే మల్టీమీటర్ తీయండి. నాలుగు కాళ్ళ బటన్‌ని పక్కకి తిప్పి గుచ్చితే ఎప్పుడూ నొక్కినట్టే ఉంటుంది. పొడుగు బ్రెడ్‌బోర్డుల్లో కొన్నిటికి పవర్ లైను మధ్యలో తెగి ఉంటుంది. ఇవి ఏ కోడ్‌లోనూ కనపడవు.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. 2024 వేసవిలో ట్యాంకర్ల కోసం పడ్డ పాట్లు చూశాక సగం మంది పిల్లలు వాటర్ ట్యాంకు ప్రాజెక్టే ఎంచుకుంటున్నారు. మేడ మీది ఫ్లోట్ స్విచ్ నుంచి కిందికి వచ్చే పొడుగు వైరు యాంటెన్నా లాంటిదే. అక్కడ తప్పు రీడింగ్ అంటే కొనుక్కున్న నీళ్ళు పైనుంచి కారిపోవడం. అందుకే ట్యాంకు నిండనంతసేపు మూసి ఉండి, నిండగానే తెరుచుకునే ఫ్లోట్ స్విచ్ పెట్టి, పుల్అప్ వెయ్యమంటాం. ఎలుక వైరు కొరికినా 'నిండింది' అనే రీడింగే వస్తుంది, మోటారు ఆగుతుంది. పొడుగు వైరుకి లోపలి పుల్అప్ చాలదు, బయట రెసిస్టర్ వెయ్యండి. మోటారు వైపు 230 వోల్టుల పని మాత్రం ఎలక్ట్రీషియన్‌కే వదలండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.