నాలుగు ఖాళీల తగువు

చిన్నరసాలు మగ్గే రోజుల్లో మా నూజివీడు ఇంట్లో ఎవరైనా ముఖం ముడుచుకుని కూచుంటే నాకు సహించదు. ఇల్లంతా ఘుమఘుమలాడుతుంటే మా అన్నయ్య కూతురు లాప్‌టాప్ ముందు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇక్కడి ట్రిపుల్ ఐటీలోనే చదివి, హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న పిల్ల.

"ఏమిటే?"

"ఖాళీలత్తా! తప్పు సరిగ్గా దిద్దానా లేదా అని చూడనేలేదు. ఎడంపక్క నాలుగు ఖాళీలు వదలాల్సిన చోట ఎనిమిది వదిలానని మూడోసారి తిప్పి పంపారు."

కూర రుచి చూడకుండా, గరిటె అటు పెట్టావేమని కోడల్ని సాధించే అత్తగార్లని మనం కథల్లో దులిపేస్తాం. ఆఫీసుల్లో వాళ్ళకి 'సీనియర్' అని పేరు కాబోలు!

నేను ఉత్త బి.ఏ.ని. రెండు మధ్యాహ్నాలు కూచోబెట్టి చెప్పించుకున్నాను. 'సి' భాషలో ఎడంపక్క ఎంత ఖాళీ వదిలామన్నది యంత్రానికి అక్కర్లేదుట. అది చదివే మనుషుల కోసం. వందలమంది కలిసి రాసేచోట తలా ఒక అలవాటు. లైనక్స్ వారిది ఎనిమిది గళ్ళ ట్యాబు, ఇంకొకరిది నాలుగు.

మరి సర్దిపెట్టే మర లేదా? లేకేం! 'ఇండెంట్' అనే ప్రోగ్రాముని 1976లోనే ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో రాశారు. పోస్ట్‌గ్రెస్ డేటాబేసు వారు 'పీజీఇండెంట్'తో తమ కోడంతా దువ్వుకుంటారు. ఇప్పుడు 'క్లాంగ్-ఫార్మాట్' ఉంది. అయినా మా పిల్ల ఆఫీసు పెద్దలు ససేమిరా అంటారు.

వాళ్ళు చెప్పే కారణం ఒకటి కొట్టిపారేయదగ్గది కాదు. పాత కోడంతా ఒక్కసారి సర్దితే, ప్రతి వరసా ఆ మర తిప్పినవాడి పేరనే కనిపిస్తుంది. అసలు ఎవరు రాశారో, ఎందుకు రాశారో మరుగునపడుతుంది. నా నవల మీద కంపోజిటరు పేరు వేస్తే నేనూ ఊరుకోను. కానీ ఆ ఒక్క సర్దుబాటునీ లెక్కలోంచి తప్పించి చూసే ఏర్పాటు 'గిట్'లో 2019లోనే వచ్చిందిగా! చేత్తో అందంగా పేర్చిన పట్టికలు చెడతాయంటారా, అంతవరకు మరని ఆపొచ్చు.

ఆపిల్ వారి సంగతి వినండి. 2014లో బయటపడింది. 'గోటో ఫెయిల్' అన్న వరస పొరపాటున రెండుసార్లు పడింది. రెండోదీ లోపలికి జరిపి ఉండటంతో పైనున్న షరతు కిందిదేననిపించింది. నిజానికి దానికి ఏ షరతూ లేదు! దాంతో అవతలి సైటు సంతకం సరిచూడకుండానే 'సరే' అనేసేది. మర సర్ది ఉంటే ఆ వరస ఎడమకి జరిగి కంటికి ఆనేది. ఖాళీలు లెక్కపెట్టే మనిషికి అది చక్కగా కుదిరిన వరసే కదా?

మా తోటలో కాయ కోసినవాణ్ణి గడ్డి ఎలా పరిచావని ఎవరూ నిలదీయరు. దెబ్బ తగిలిందా, సొన కారిందా అని చూస్తారు.

పిల్ల నాలుగోసారి పంపింది. ఎవరికీ చెప్పకుండా మరతో సర్ది మరీ పంపిందిట. సాయంత్రానికల్లా ఒప్పేసుకున్నారు. దిద్దిన తప్పుని ఎవరైనా చదివారా అంటే, పెదవి విరిచి ఇంకో రసం చేతిలోకి తీసుకుంది.