కబుర్లకు మనుషులు కావాలి

భీమవరం, చుట్టుపక్కల ఊళ్ల పాఠకులకు,

పోయిన నెల మా రోగుల బృందంలో ఒకాయన ఇంట్లో ఇల్లాలికి జ్వరమొచ్చి మంచం పట్టింది. ఆయనకు తోడుగా పక్కింటి పెద్దమనిషి వచ్చి కూర్చున్నారు. ఇంటాయనదీ నా జబ్బే, ఏఎల్ఎస్. కాళ్లూ చేతులూ కదలవు, మాట లేదు, మెడ నిలవదు. తల కింద దిండు జారింది. మెడ వాలిపోయి ఊపిరి ఆడక, కళ్లతోనే మొత్తుకున్నారు. పాపం ఏడుస్తున్నారనుకుని పెద్దమనిషి హనుమాన్ చాలీసా అందుకున్నారు. అయిపోతే మళ్లీ మొదలుపెట్టారు. ఇంతలో పాలబ్బాయి వచ్చి దిండు సర్దాడు గనుక సరిపోయింది. తర్వాత అక్షరాల పలక మీద ఆయన మాకు చెప్పింది ఇంతే: "గొంతు బాగుంది. దిండే బాగాలేదు."

అందరం పడీపడీ నవ్వాం. నవ్వు ఆగాక భయమేసింది. బృందానికి కార్యదర్శిని నేనే. ఇల్లాలు తప్ప ఆ పలక చదవగల మనిషి ఆ వీధిలో మరొకరు లేరంటే, అది నా పూచీ కాక ఎవరిది?

జబ్బు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. కండరాలను కదిలించే నాడీకణాలు క్రమంగా చచ్చిపోతాయి. నయం చేసే మందు లేదు. లక్షణాలు మొదలయ్యాక చాలామందికి మిగిలేది రెండు నుంచి ఐదేళ్లు. 1963లో జబ్బు బయటపడిన స్టీఫెన్ హాకింగ్ 2018 దాకా ఉన్నారు గానీ అది బహు అరుదు. చూపు, వినికిడి, స్పర్శ మాత్రం సాధారణంగా ఎక్కడికీ పోవు. అంటే దోమ కుడితే శుభ్రంగా తెలుస్తుంది, తోలుకోవడమే కుదరదు. చేపల చెరువుల మధ్య ఊరు మనది, ఇంతకన్నా విడమరచి చెప్పాలా?

ఒక సాయంత్రం నా ముక్కు మీద దోమ వాలింది. మా ఆవిడ పలక తెచ్చింది. ఆవిడ వేలు జరుపుకుంటూ పోతుంటే, కావలసిన అక్షరం దగ్గర నేను కనుబొమ్మ ఎత్తాలి. ఇంగ్లీషువాళ్లకు 26 అక్షరాలతో పని జరిగిపోతుంది. మనకు 56, పైన గుణింతం, కింద వత్తు. 'ద' దగ్గరికొచ్చి దానికి ఓత్వం ఇచ్చేసరికే దోమగారి భోజనం సగమైంది. "దో... దోశా? ఆ మాత్రం దానికి ఇంత మొహమాటమా అండీ!" అంటూ ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది. పెనం వేడెక్కాక గానీ గుర్తు రాలేదు, నాకు కడుపులోకి గొట్టంతోనే భోజనమని. ఆ దోశ ఆవిడే తింది. నాకంటే ముందు దోమ తింది.

నవ్వు గురించి ఒక మాట. ఈ జబ్బులో కొందరికి నవ్వూ ఏడుపూ అదుపు తప్పుతాయి, వేళాపాళా ఉండదు. మా తోడల్లుడు వాళ్ల నాన్నగారు పోయిన సంగతి చెబుతుంటే నేను పగలబడి నవ్వాను. ఆయన మళ్లీ మా గడప తొక్కలేదు. అది జబ్బు నవ్వింది. దోశకు నవ్వింది నేను. ఈ తేడా పసిగట్టాలంటే మనిషి దగ్గరుండాలి కదా!

మీరు ఉండరు. వస్తారు, మంచం చివర నిలబడతారు, నా ముందే మా ఆవిడను "మనుషుల్ని గుర్తుపడతారా?" అని అడుగుతారు. లెక్కల మాస్టారినండీ. మీ పదో తరగతి మార్కులు కూడా గుర్తున్నాయి.

2014లో నెత్తిన ఐసునీళ్లు గుమ్మరించుకున్నవాళ్లు మీలో బోలెడంతమంది. ఆ సరదా వల్ల అమెరికాలోని ఏఎల్ఎస్ సంఘానికి 11 కోట్ల డాలర్లకు పైగా వచ్చాయి, పరిశోధనకు పనికొచ్చాయి. నీళ్లెందుకు పారబోయడమని హైదరాబాద్‌లో బకెట్ బియ్యం దానం మొదలుపెట్టారు. మంచి పనే. ఆ బియ్యంలోంచి మా జబ్బును మాత్రం రాయిలా ఏరి పారేశారు. బకెట్ ఎత్తిన చేతులకు జారిన దిండు ఎత్తడం బరువా?

2009లో హాకింగ్ కాలయాత్రికులకు విందు ఏర్పాటు చేసి, విందు ముగిశాక ఆహ్వానాలు పంపారు. ఎవరూ రాలేదు. అది ఆయన చమత్కారం. మేం నెల ముందే పిలుస్తున్నాం, అయినా కుర్చీలు ఖాళీ.

మా పక్కన కూర్చోవడానికి ముప్పై మంది కావాలి. పేరిచ్చింది నలుగురు, అందులో ఒకడు పాలబ్బాయి. వారానికి ఒక గంట చాలు. ఆ గంటలో ఇంటావిడ కునుకు తీస్తుంది. రెండో ఆదివారం మా సమావేశంలో పలక చదవడం, దిండు సర్దడం, ఊపిరి మిషన్ మాస్కు జారితే పెట్టడం నేర్పుతాం. తెలుగు చదవడం వస్తే పలక వచ్చినట్టే, పిల్లలు మీకన్నా ముందే నేర్చేస్తారు. జలుబుంటే రాకండి. ప్రసాదమైనా సరే నోట్లో పెట్టకండి, మింగలేనివారికి అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఊళ్లో తగువులు, సినిమా గొడవలు, మీ వియ్యంకుల మీద ఫిర్యాదులు ఎన్నయినా తెండి. అడ్డు చెప్పేవాళ్లం కాము.

పేరు, వీధి, మీకు తీరికైన వేళ కార్డు మీద రాసి ఈ పత్రిక కార్యాలయానికి పంపండి. రెండో ఆదివారానికి వారం ముందే అందాలి. ఎవరిని ఎవరింటికి పంపాలో జాబితా తయారుచేసేది నేనే, ఒక్కో పేరుకు ఎంతసేపు పడుతుందో మీకిప్పుడు తెలుసు.