చిన్న చప్పుడు

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి పాత కారు వుండకూడదు. వుంటే, అది చేసే ప్రతి చప్పుడుకూ పేరు పెట్టడం మొదలుపెడతాడు. ఇరవై యేళ్ళుగా నేను కాలేజీలో పిల్లలకు ధ్వన్యనుకరణ పదాలు చెబుతున్నాను. గలగల, గణగణ, కిరకిర, లొడలొడ. ఈ మాటలు పరీక్షలో రెండు మార్కులకు తప్ప జీవితంలో మరెందుకూ కొరగావని మా విద్యార్థుల గట్టి నమ్మకం. నిజం చెప్పొద్దూ, మొన్న మొన్నటిదాకా నా నమ్మకమూ అంతే. ఒక చిన్న "కీచు" మూలంగా మా యింట్లో జరిగిన సంగతి చెబుతాను. ఆ తరవాత ఈ మాటల విలువెంతో పాఠకులే తేల్చాలి.

మాకు ఒక స్టాండర్డు హెరాల్డు కారు వుంది. నాన్నగారు అంబాజీపేటలో కొబ్బరి వర్తకం చేసే రోజుల్లో, 1976లో, కాకినాడలో ఎవరో అమ్ముతుంటే కొన్నారు. కోటిపల్లి రేవులో పంటు ఎక్కించి, గౌతమి దాటించి, ముక్తేశ్వరంలో దింపిన నాడు ఊళ్ళో సగంమంది ఏటిగట్టు మీదికి వచ్చి చూశారని అమ్మ చెప్పేది. రెండే తలుపులు. ఎత్తు తక్కువ. వెనకవైపు చేపతోకలాగా చిన్న రెక్కలు. ఊళ్ళో దానికి "స్పోర్టు కారు" అని పేరు పడిపోయింది. ఇప్పటికీ అదే పేరు.

ఆ పేరు బొత్తిగా అబద్ధమూ కాదు. ఇంగ్లండులో ట్రయంఫ్ వారు 1959లో హెరాల్డును విడుదల చేశారు. దాని రూపం గీసినవాడు మికెలోట్టి అనే ఇటలీ దేశస్థుడు. 1961 నుంచి మద్రాసులోని స్టాండర్డు మోటారు కంపెనీ దాన్ని మనదేశంలో తయారుచేసింది. 948 సి.సి. ఇంజను. ఇరవై అయిదు అడుగుల వలయంలో తిరగగలదు. మన కొబ్బరితోటల సందుల్లో తిరగడానికే పుట్టిందా అనిపిస్తుంది. ఇంగ్లండులో ఆ హెరాల్డు చట్రాన్నే కురచచేసి, అదే మికెలోట్టి గీసిన కొత్త ఒళ్ళు తొడిగి, 1962లో స్పిట్‌ఫయర్ అనే అసలు సిసలైన స్పోర్టుకారును బయటికి తెచ్చారు. అంచేత మాది స్పోర్టుకారు కాకపోయినా, స్పోర్టుకారుకు పెద్దనాన్న వరస. ముందుచక్రాల దగ్గర రెండింటివీ ఒకే రకం ఎముకలు. ఈ చుట్టరికం తరవాత మాకు ఎంత అక్కరకొచ్చిందో చెబుతాను.

ఈ కారుకు ఇంకొక విశేషం వుంది. ఇప్పటి కార్లలో చాలావాటికి చట్రమూ ఒళ్ళూ కలిపి ఒకటిగా అతికేస్తారు. హెరాల్డుకు చట్రం వేరు. దానిమీద ఒళ్ళు ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించివుంటుంది. ముందుభాగమంతా రెక్కలతో సహా భోషాణం మూతలాగా లేస్తుంది. చక్రంమీద కూచుని ఇంజను పని చూసుకోవచ్చు. ఇది వరమూ, శాపమూ కూడా. వరం యేమంటే, పల్లెటూరి మేస్త్రి సైతం విప్పి బిగించగలడు. శాపం యేమంటే, అరవై యేళ్ళు నిండేసరికి ప్రతి బోల్టూ, ప్రతి రబ్బరుముక్కా తన స్వరం తాను పలుకుతుంది. తప్పు చేసినవాళ్ళది కాదు. వయసుది, మన రోడ్లది, మన అశ్రద్ధది.

ఆ కారును ఇప్పటికీ నడిపేది నాన్నగారే. డెబ్బయ్యెనిమిదేళ్ళు. కళ్ళు నిక్షేపం. చెవులు మాత్రం నాలుగైదేళ్ళుగా మందగించాయి. మిషను పెట్టించుకోమంటే, "నాకు వినబడవలసింది వినబడుతూనే వుంది" అనేవారు. రోజూ సాయంత్రం మా అమ్మాయిని పక్కన కూచోబెట్టుకుని ఏటిగట్టు మీదుగా రేవుదాకా వెళ్ళి, పంటు వచ్చేదీ పోయేదీ చూసి, తిరిగి రావడం తాతామనవరాళ్ళ నిత్యకృత్యం.

ఒకనాడు మా ఆవిడ కూడా వాళ్ళతో వెళ్ళివచ్చి, "ఈ కారులో మాట్లాడుకోవాలంటే ఉత్తరాలు రాసుకోవాలి" అంది. ఆ మాట నాకు తగిలింది. మరుసటి ఆదివారం మేస్త్రిని పిలిపించాను.

మేస్త్రి లారీ షెడ్డులో పెరిగిన మనిషి. "కారు చప్పుడు చేస్తోంది" అన్నాను. ఆయన నా వంక జాలిగా చూశాడు.

"చప్పుడంటే సరిపోదండి మేష్టారూ. ఎలాంటి చప్పుడండి? లొడలొడా, గలగలా, బరబరా? ఎప్పుడొత్తందండి? గోతిలో పడ్డప్పుడా, ఆగున్నప్పుడు కూడానా, స్టీరింగు తిప్పినప్పుడా? అది చెప్తే సగం పనైపోయినట్టేనండి, ఆయ్!"

నేను నోరు తెరిచాను. నా పాఠ్యప్రణాళిక అంతా ఆయన నోట్లో వుంది!

ఆయన చెప్పిన సూత్రం ఇది. గోతిలో పడ్డప్పుడే వచ్చే చప్పుడు ఎక్కడో వదులుగా వున్న వస్తువుది. బండి ఆగివున్నా ఇంజనుతో పాటు వచ్చేది ఇంజనుదో, దాన్ని అంటిపెట్టుకున్న గొట్టానిదో. వేగంతో పెరిగి వేగంతో తగ్గేది చక్రాలదో, గేర్లదో. స్టీరింగు తిప్పినప్పుడే వచ్చేది ముందుచక్రాల కీళ్ళది. అనుమానం వచ్చినచోట అరచేత్తో గట్టిగా నొక్కాలి. చప్పుడు ఆగిందా, దొంగ దొరికినట్టే. ఒకరు నడుపుతుంటే మరొకరు వెనక సీటులో కూచుని వినాలి. నడిపేవాడి చెవికి అన్ని చప్పుళ్ళూ ముందునుంచే వస్తున్నట్టుంటుంది.

అలాగే చేశాం. ఆయన నడిపాడు. నేను వెనక కూచుని, పెన్సిలూ కాగితమూ పట్టుకుని అయిదు చప్పుళ్ళు రాశాను.

మొదటిది డిక్కీలో లొడలొడ. స్పేరు చక్రం పక్కన జాకీ, పానాలు విడిగా దొర్లుతున్నాయి. వెనకటికి ఒకసారి నేనే వాటి చుట్టూ కొబ్బరిపీచు కూరి, సమస్య తీరిందనుకున్నాను. మేస్త్రి పీచు బయటికి లాగి తడి చూపించాడు. "పీచు తేమ పట్టేత్తదండి. అడుగున రేకుని తినేత్తది." నిజమే, అడుగున తుప్పు. గీకి, రెడ్డాక్సైడు పూసి, ఆరిన తరవాత జాకీని పాత కంబళిముక్కలో చుట్టి, తోలుపట్టీతో కట్టేశాం. ఖర్చు ఇంచుమించు సున్న.

రెండోది తలుపు అద్దాల గలగల. అద్దం దిగే గాడిలో మెత్తని ఫెల్టుపట్టీ వుండాలి. అది అరిగి దారపుపోగుల్లాగా మిగిలింది. కొత్త పట్టీ వేస్తే గాజులపేటలా మోగే తలుపు మౌనవ్రతం పట్టింది.

మూడోది ముందుమూత దడదడ. ఆ పెద్ద మూత సరిగ్గా కూర్చోవడానికి కొబ్బరిపిందెల ఆకారంలో రబ్బరు దిమ్మలుంటాయి. అవి రాయిలాగా బిగిసిపోయాయి. మార్చి, మూత వాటిమీద గట్టిగా ఒత్తుకునేట్టు సరిచేసి, రెండు పక్కల కొక్కేలూ బిగించాడు. నాలుగోది గేరుకర్ర బరబర. దాని అడుగున చిన్న బుష్షులు అరిగినందువల్ల వచ్చేది. అవీ మార్చాడు.

మధ్యలో నేనూ ఒక చెయ్యి వేద్దామని పదమూడు మిల్లీమీటర్ల పానా ఒకటి అందుకున్నాను. మేస్త్రి చేతిలోంచి లాగేసుకున్నాడు. ఈ కారు అంగుళాల కాలంనాటిది. అర అంగుళమంటే 12.7 మిల్లీమీటర్లు. ఆ కాస్త తేడాకే పానా జారి బోల్టు తల మూలలు గుండ్రమైపోతాయి. కొత్తకాలపు బోల్టు కొంచెం లావుగా కనబడినా, కురచగా కనబడినా బలవంతంగా ఎక్కిస్తే లోపలి మరే పాడవుతుంది. గణం తప్పిన పద్యపాదమన్నమాట. ఎంత సాగదీసి చదివినా కుదరదు.

నాలుగూ అయ్యాయి. కాఫీలు తాగుతున్నాం. మేస్త్రి నా కాగితం అందుకుని అట్టడుగు పంక్తి చదివాడు. అక్కడ నేను, "కీచు. మలుపులో. అప్పుడప్పుడు. చిన్నది. పట్టించుకోనక్కరలేదు" అని రాశాను.

ఆయన గ్లాసు కింద పెట్టేశాడు.

"ఇది ముందు చెప్పాలండి మేష్టారూ."

జాకీ వేసి ఎడమ ముందుచక్రం లేపి, స్టీరింగు ఈ కొసనుంచి ఆ కొసకు తిప్పించాడు. కీచుమంది. చక్రం ఊడదీశాడు. అక్కడ ఒక నిలువు కడ్డీ వుంది. దాని కింది కొసన మర. ఆ మర కంచుదిమ్మ ఒకదానిలో దిగివుంటుంది. దాన్ని ట్రనియన్ అంటారు. స్టీరింగు తిప్పినప్పుడల్లా ఆ కడ్డీ ఆ దిమ్మలో సీసామూతలాగా అటూ ఇటూ తిరగాలి. ఆ పక్క బరువంతా మోసేది అదే. దానికి పెట్టవలసింది గ్రీజు కాదు, తొంబై నంబరు గేరునూనె. నూనె అయితే మరల్లోకి జారుతుంది. గ్రీజు గట్టిపడి పైనే ఆగిపోతుంది. నీళ్ళు మాత్రం లోపలికి దిగుతాయి. కడ్డీ లోలోపల తుప్పుపట్టి, ఒకనాడు చెప్పకుండా విరుగుతుంది. విరిగితే చక్రం మడుచుకుపోయి, బండి ముక్కు నేలకు ఆనుతుంది.

విప్పి చూస్తే కడ్డీ మర ఎర్రగా తుప్పుపట్టి, సగం తినేసివుంది. చుట్టూ ఎండిన గ్రీజు.

నాలుగేళ్ళుగా ఆ గ్రీజు ఎక్కించింది నేనే. చదువుకున్నవాణ్ణి గదా! నూనె కంటే గ్రీజు చిక్కన, చిక్కనిదే మేలు అనుకున్నాను. ఆ ముందురోజు సాయంత్రం కూడా నాన్నగారూ, నా కూతురూ అదే చక్రం మీద ఏటిగట్టు దిగివచ్చారు. గట్టుకు ఒకవైపు గోదావరి, ఒకవైపు పల్లం. ఆ సంగతి తలుచుకుంటే కాఫీ మింగుడుపడలేదు.

అంతవరకూ అరుగుమీద కూచుని చూస్తున్న నాన్నగారు దగ్గరికి వచ్చారు. నేను చెవి దగ్గర గట్టిగా అరిచి చెప్పాను. ఆయన కాసేపు ఆ కడ్డీ వంక చూసి, "నాకు చప్పుడేమీ వినబడలేదురా" అన్నారు. ఆ తరవాత నెమ్మదిగా, "స్టీరింగు బరువెక్కిన మాట నిజమే. ఏడాదినుంచీ. నా చేతుల్లో సత్తువ పోయిందనుకున్నాను. చెబితే నువ్వు తాళాలు తీసేసుకుంటావని చెప్పలేదు" అన్నారు.

నేనేం మాట్లాడను? ఆయన తన వార్ధక్యమనుకుని దాచుకున్నది కారు జబ్బు. నేను కారు నస అనుకుని కొట్టిపారేసింది కారు పెట్టిన మొర. ఇద్దరం ఒకే యింట్లో వున్నాం.

కొత్త కడ్డీలూ దిమ్మలూ ఇక్కడ దొరకలేదు. ఇక్కడే స్పోర్టుకారు చుట్టరికం ఆదుకుంది. స్పిట్‌ఫయర్లను ప్రాణంగా చూసుకునేవాళ్ళు ఇంగ్లండులో ఇప్పటికీ వున్నారు గనక ఆ సామాను ఇంకా తయారవుతూనే వుంది. తెప్పించడానికి నెలపైన పట్టింది. అన్నాళ్ళూ కారు దిమ్మలమీద, నాన్నగారు అరుగుమీద. రెండు పక్కలా కొత్తవి వేసి, నూనె ఎక్కించి, మేస్త్రి గోడమీది క్యాలెండరులో మూడునెలలకొక తేదీ చుట్టి, "నూనె" అని రాశాడు. "గ్రీజు గన్ను నాకిచ్చెయ్యండి మేష్టారూ" అని అడిగి మరీ పట్టుకుపోయాడు.

నాన్నగారు స్టీరింగు పట్టుకుని వాకిట్లో ఒక చుట్టు తిప్పారు. "ఒరేయ్, చేతులకి బలమొచ్చిందిరా!" అన్నారు. పిల్లాడిలాగా నవ్వారు. నవ్వి, కారు ఆపి, తనంతట తానే అన్నారు: "చేతులు కారువి. చెవులు మాత్రం నావే. డాక్టరు దగ్గరికి ఎప్పుడు తీసుకెళ్తావు?"

నాలుగేళ్ళు నేను చెప్పినా వినని మాట అది.

ఆ వారమే కాకినాడ వెళ్ళాం, అదే కారులో, నేను నడుపుతూ. చెవికి మిషను పెట్టించాం. తిరుగుదారిలో కోటిపల్లి రేవులో కారు పంటు మీదికి ఎక్కించాను. పంటు నడి గోదాట్లోకి వచ్చింది. నాన్నగారు ఒక్కసారిగా చెవి తడుముకుని నా వైపు తిరిగారు.

"ఏరా, బాగుచేయించానన్నావు? ఇంత గోల చేస్తోందేమిటి నా కారు!"

"అది పంటు ఇంజను నాన్నగారూ. మన కారు ఆగివుంది."

ఆయన ఒక నిమిషం చెవి ఒగ్గి విన్నారు. నీళ్ళ చప్పుడు కూడా వినబడింది కాబోలు, అద్దం కిందికి దించారు. అద్దం గలగలమనలేదు.